ఝాన్సీకి ఇచ్చిన శిక్షణ

నా చెల్లెలు ఝాన్సీ బెంగళూరు ఆస్పత్రిలో, వంశపారంపర్యంగా వచ్చే జబ్బుల గురించి కుటుంబాలకు వివరించే ఉద్యోగం చేస్తుంది. వచ్చినవాళ్ళతో ఎలా మాట్లాడాలో ఈమధ్య శిక్షణ ఇచ్చారట. ఆదివారం హిందూపురం వచ్చి, నేను పూజ ముగించి లేవగానే ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"అక్కా, నువ్వు మేనరికం చేసే తల్లివనుకో. నేను అడుగుతా, నువ్వు చెప్పు."

సరేనన్నాను.

"మీ దిగులేందో చెప్పండమ్మా."

"నా బిడ్డను పెనుకొండలో మా ఆడపడుచు కొడుక్కిస్తాండాం. ఆ పిల్లోని తమ్మునికి పసిబిడ్డప్పట్నుంచీ నెలనెలా రక్తం ఎక్కిస్తాండారు. నా బిడ్డ కడుపున కూడా అట్లాంటోడు పుడతాడేమోనని భయం."

ఝాన్సీ తల ఊపుతూ విన్నది. చిన్నప్పటి నుంచి నన్ను ఒక్క మాటా పూర్తిగా చెప్పనిచ్చిన పిల్ల కాదు.

"మీ భయం నాకు అర్థమైతాండాదమ్మా."

"పెళ్ళి చేయమంటావా, వద్దంటావా?"

"అది నేను చెప్పకూడదు. మీరేమనుకుంటాండారు?"

నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. ఝాన్సీ మురిసిపోయింది.

"బలే యాక్టింగ్ చేస్తాండావే అక్కా."

"యాక్టింగ్ కాదు పాపా. పోయిన వారమే తాంబూలాలు మార్చుకున్యాం. ధర్మవరం పోయి చీరలు కూడా తెచ్చినాం. ఫోన్ చేసినప్పుడంతా నన్ను చెప్పనిస్తివా?"

ఝాన్సీ లేచి నిలబడింది. "నీకు బుద్ధుండాదా అక్కా? రేపే ఇద్దర్నీ బెంగళూరికి పిల్చకరా, రక్తపరీక్ష చేయిస్తా. అది తేలేదాకా పెళ్ళి మాటెత్తినావంటే చూడు."

శిక్షణలో నేర్చుకున్నది ఒక్కటీ దానికి గుర్తులేదు. నాకు మాత్రం ఏం చేయాలో అప్పుడే అర్థమైంది. లోపలికి వెళ్ళి పెనుకొండకు ఫోన్ చేశాను.