రెండు గంటల్లోపు

“మోకాళ్ళు వంచరా! కర్రలా నిలబడితే కర్రలాగే పడతావు!”

గుల్ మహమ్మద్ అరుపు గుల్మార్గ్ వాలంతా వినిపించింది. ఇష్ఫాక్ అప్పటికే పడ్డాడు. పొద్దుటినుంచి అది పదిహేనోసారి. కాళ్ళకున్న స్కీలు ఒకటి తూర్పుకీ ఒకటి పడమరకీ తిరిగి ఉన్నాయి.

తోటి కాలేజీ కుర్రాళ్ళు పకపకా నవ్వారు. పుట్టినప్పటినుంచీ మంచులో బతికినవాడు ఇరవయ్యో ఏట తొలిసారి స్కీలు కట్టుకుంటే ఎవరికైనా నవ్వొస్తుంది. కానీ ఆ కొండ ఊళ్ళలో అంతే. మంచు ఊరిది, ఆట టూరిస్టులది. వాళ్ళ సామాను మొయ్యడం ఒక్కటే ఊరివాళ్ళకు తెలిసిన విద్య.

స్కీయింగ్ నేర్పడంలో గుల్ మహమ్మద్‌ది పాతికేళ్ళ అనుభవం. నోరు మాత్రం మంచిది కాదు.

“పోయినేడు మీ కాలేజీకొచ్చి, ఫ్రీగా నేర్పుతా రండ్రా అని బతిమాలాను. డబ్బున్నోళ్ళ సరదా మాకెందుకని ముఖం తిప్పుకుపోయింది నువ్వే కదూ? ఈ ఏడు ఏం పుట్టింది నీకు?”

ఇష్ఫాక్ లేచి మంచు దులుపుకున్నాడు.

కోర్సు పద్నాలుగు రోజులు. అది అవగానే అందరూ ఇళ్ళకు వెళ్ళిపోయారు. ఇష్ఫాక్ వెళ్ళలేదు. మర్నాడు మంచు మీద లాగే చెక్క బండి ఒకటి తెచ్చాడు. దాని మీద ఇసుక మూట. మూట మీద ఎర్ర కంబళి. ఆ బండిని వెనక కట్టుకుని వాలు మీదికి దిగాడు. పది గజాలు వెళ్ళేసరికి బండి అతన్ని తోసేసి మీదికెక్కింది.

“ఏం పెళ్ళికొడకా! పెళ్ళికూతుర్ని కంబళిలో చుట్టుకొచ్చేశావా?” టూరిస్టుల్ని తిప్పే గుర్రాలవాళ్ళు కేకలేశారు.

గుల్ మహమ్మద్ దగ్గరికొచ్చాడు. “ఏంట్రా ఇది?”

“అరవై ఒక్క కిలోలు, ఉస్తాద్.”

“బరువు అడగలేదు. ఎందుకని అడిగాను.”

ఇష్ఫాక్ కంబళి సర్దాడు. “మాది పైన యారిపథర్. అక్కకి తొమ్మిదో నెల. రోడ్డు మూసుకుపోయింది. రెండు గంటల్లోపు ఆస్పత్రికి చేర్చాలి.”

 యారిపథర్ సంగతి గుల్ మహమ్మద్‌కు తెలుసు. చలికాలంలో ఎవరికన్నా ప్రాణం మీదికొస్తే మంచం మీద పడుకోబెట్టి ఆరుగురు మోస్తారు. నడుములోతు మంచు. కిందికి చేరేసరికి ఐదు గంటలు పడుతుంది.

ఆ రోజునుంచి తిట్లు తగ్గాయి. బరువుతో మలుపు ఎలా తిరగాలో, ఎలా ఆగాలో, తాను పడ్డా బండి బోల్తా పడకుండా ఎలా పడాలో దగ్గరుండి నేర్పాడు. మూడు వారాలు అలా గడిచాయి. ఇష్ఫాక్ అరచేతులు పగిలిపోయాయి. కాలిగోళ్ళు రెండు ఊడిపోయాయి. చూడలేక ఉస్తాద్ ఒకరోజు కసురుకున్నాడు.

“ఈ చావంతా ఎందుకు? మీ అక్కని ముందే దించి మా ఇంట్లో ఉంచరాదట్రా? మా ఆవిడ కూతురిలా చూసుకుంటుంది.”

ఇష్ఫాక్ తల వంచుకుని తాళ్ళు బిగిస్తూ ఉండిపోయాడు. అభిమానం కాబోలు అనుకున్నాడు ఉస్తాద్.

“పోనీ, మూటన్నా పెంచు. రోజులు దగ్గరపడేకొద్దీ మనిషి బరువు పెరగదూ?”

“అక్క ఆస్పత్రి కార్డులో ఇంతే ఉంది.”

ఫిబ్రవరిలో ఒక ఆదివారం పరీక్ష పెట్టుకున్నారు. మధ్యాహ్నం అజాన్ వినపడగానే ఇష్ఫాక్ యారిపథర్ మసీదు ముందునుంచి బండితో బయలుదేరాలి. ఉస్తాద్ కింద ఆస్పత్రి గేటు దగ్గర నిలబడి గడియారం చూస్తూ ఉండాలి.

ఆయన చంకలో చిన్న మూట ఒకటి ఉంది. అక్రోట్లు, ఖర్జూరాలు. నిండు నెలల మనిషికి బలమని ఆయన భార్య కట్టి ఇచ్చింది.

చాలాసేపటికి దేవదారు చెట్ల మధ్య ఎర్ర కంబళి కనిపించింది. వంగిన మోకాళ్ళు, తొణకని బండి. ఇష్ఫాక్ గేటు ముందు ఆగాడు. ఉస్తాద్ చిన్నపిల్లాడిలా గంతేశాడు.

“యాభై ఒక్క నిమిషాలు! ఒరేయ్, యాభై ఒకటే!”

ఇష్ఫాక్ ముఖం పాలిపోయింది. “సరిగ్గా చూశారా?”

“రెండుసార్లు చూశాను.”

“గడియారం మధ్యలో ఆగిందేమో చూడండి, ఉస్తాద్. ఒక్కసారి చూడండి.”

“నా గడియారం ఆగడమేంట్రా, పిచ్చోడా! గెలిచావు! ఇంక మీ అక్కకి ఏ భయమూ లేదు.” ఉస్తాద్ తెచ్చిన మూట అతని చేతిలో పెట్టాడు.

ఇష్ఫాక్ మంచులో కూలబడ్డాడు. ఎర్ర కంబళి లాగి ముఖానికి అదుముకున్నాడు. ఏడుపు ఆగడానికి చాలాసేపు పట్టింది.

“పోయినేడు ఇదే దారిలో, మంచం మీద, అక్క రెండు గంటలు బతికే ఉంది, ఉస్తాద్.”