విరిగిన అల

"హిరోతా గారూ, ఇది దొంగ నాణెంలా ఉందండీ."

పాత నాణేల కొట్టు యజమాని మియోషి భూతద్దం పక్కన పెట్టాడు.

పరీక్షించమని నాణెం తెచ్చిన హిరోతా బల్ల మీదకి వంగాడు.

ఓడరేవు వందేళ్ల పండుగకి వేసిన వెండి నాణెం అది. పదేళ్లు ఒసాకా అంతా గాలిస్తే దొరికింది.

"ఎలా చెప్తున్నారు?"

"పడవ కింద అలలు చూడండి. మూడోది మధ్యలో విరిగింది. నాణేల పుస్తకంలో బొమ్మకి అలా లేదే!"

హిరోతా వీధి వైపు చూశాడు. వార్డు ఆఫీసులో మచ్చలేని ఉద్యోగం. పోలీసులకి తెలిస్తే?

"అది అసలైనదే."

మూలన టీ తాగుతున్న ముసలాయన అన్నాడు. ప్రతి గురువారం వస్తాడు. ట్రేలన్నీ తిరగేస్తాడు. ఏదీ కొనడు.

"మీకెలా తెలుసు?"

"తెలుసు బాబూ. ఆ అల... అలా జరిగింది."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"రుజువుందా?"

ముసలాయన తల దించుకున్నాడు.

"లేదు. పోనీ, నాకిచ్చెయ్యండి. మీరు కొన్న ధరే ఇస్తాను."

హిరోతా భయం రెట్టింపైంది. దొంగదని విన్నాక కూడా పూర్తి ధర ఇస్తాడా? రేపు దీన్ని ఎవరికి అంటగడతాడో! అప్పుడు బయటికొచ్చేది తన పేరే.

"మియోషి గారూ, వెనకగదిలో మీరు వెండి కరిగించే కొలిమి వెలుగుతోందా?"

"వెలుగుతోంది. తొందరపడకండి, ఇంకెవరికైనా చూపిద్దాం."

"ఇంకొకరికా? ఇప్పుడు ముగ్గురికి తెలిసింది చాలదూ!"

"వద్దు బాబూ!" ముసలాయన లేచి, నడుం విరిగేలా వంగాడు. "ఒక్కసారి చేతిలో పెట్టుకుని చూడనివ్వండి."

"మీకెందుకండీ అంత ఆత్రం?"

హిరోతా వెనకగదిలోకి దాదాపు పరిగెత్తాడు. కొలిమిలో ఎర్రగా కాలుతున్న మూసలోకి నాణెం జారవిడిచాడు.

పడవ కరిగింది. అలలు కరిగాయి.

ముసలాయన గుమ్మంలో నిలబడి చూశాడు. టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ వారమంతా హిరోతా హాయిగా నిద్రపోయాడు.

మరుసటి నెల నాణేల పత్రిక వచ్చింది. మొదటి పేజీలో సంతాప వార్త, నల్ల రిబ్బను కట్టిన ఫొటో. ఆ ముసలాయనే.

కింద ఆయన భార్య చెప్పిన మాటలు వేశారు.

'మా ఆయన కుజుమె సెయిచి ఓడరేవు నాణేనికి అచ్చు చెక్కారు. ఉలి జారి ఒక అల విరిగింది. అది చూసుకుని దిద్దేలోగా మూడు నాణేలు బయటికి వెళ్లిపోయాయి. తన చేతి తప్పు వల్ల ఏ అమాయకుడి మీద దొంగ అన్న ముద్ర పడుతుందోనని, వాటిని కొనేయడానికి ఇరవై ఏళ్లు కొట్టు కొట్టూ తిరిగారు.'