కిటికీ వైపు తిరిగిన పిల్ల

“ఈయమ్మ ఎప్పుడూ ఇట్లే వీపు చూపిచ్చుకోనే ఉంటాదా తమ్ముడూ?”

రాయచోటి నుంచి వచ్చి దోహాలో ఇంటిపని చేస్తున్న హుస్సేన్‌బీ కిటికీ వైపు తిరిగి నిలబడ్డ ఆడమనిషి బొమ్మను చూస్తూ అడిగిన ప్రశ్నకు మ్యూజియం గార్డు చిరంజీవి నవ్వాడు. ‘అయిదు వందల ఏళ్ళ జర్మన్ చిత్రకళ’ ప్రదర్శన మొదలై నెలైంది. గైడు చెప్పేది వినీ వినీ అతనికి సగం కంఠతా వచ్చేసింది. దాన్ని తెలుగులో ఒప్పజెప్పే భాగ్యం మాత్రం ఇవాళే దక్కింది.

“ఇది రెండొందల ఏండ్ల కిందటి బొమ్మ అక్కా. మొదటి రూంల జూసినవ్ గదా, గవి ఇంకా పాతయి. గడ్డంల ఒక్కొక్క ఎంట్రుక సుత గీసిండ్రు. గా తర్వాత వచ్చినోళ్లల్ల కొందరు మనుషులను గిట్ల వీపుదిక్కు నుంచి గీసిండ్రు.”

“మొకం గీసేది రాకనా?”

“కాదక్కా. మొఖం కనవడితె మనం మొఖమే జూస్తం. వీపు కనవడితె, ఆమె ఏం జూస్తుందో మనం గూడ గదే జూస్తం. ఆమె పక్కన నిలవడ్డట్టే.”

హుస్సేన్‌బీ కళ్ళు నిండాయి. ఆమె పనిచేసే ఇంటి మేడం తన పిల్లల్ని తీసుకుని పక్క గదిలోకి వెళ్ళింది.

“మా షబానా కూడా ఇట్లే కూచుంటాది,” అంది.

రెండేళ్ళ కిందట కూతురికి విషజ్వరం వచ్చింది. అప్పుడు ఎంత బతిమాలినా ఈమెకు సెలవు దొరకలేదు. తగ్గిపోయిందని భర్త బాషా ఫోన్‌లో చెప్పాడు. తగ్గింది గానీ, పిల్ల అలిగింది. అప్పటి నుంచి వీడియో కాల్‌లో కిటికీ వైపు తిరిగి కూర్చుంటుంది, పలకదు. అంతకుముందు ఫోన్ కోసం షబానాతో కొట్లాడే మరిది కూతురు రెహానా కూడా ఇప్పుడు కనబడదు, ఎప్పుడడిగినా ట్యూషన్‌కు వెళ్ళిందంటారు. ఇద్దరికీ ఒకే రకం రిబ్బన్లు పంపే హుస్సేన్‌బీ, ఆ జడనే చూసుకుంటూ రెండేళ్ళు గడిపింది. ఎంత పిచ్చి తల్లంటే, జడ పొడుగైనందుకు కూడా మురిసిపోయింది.

ఫోన్ తీసింది.

“యల్లా అక్కా, జల్ది మాట్లాడు,” అని చిరంజీవి అటు తిరిగి నిలబడ్డాడు.

“పాపను చూపియ్యి,” అంది భర్తతో.

“అది పలకదు మే, ఎందుకు నీకు,” అని గొణుగుతూనే బాషా ఫోన్ తిప్పాడు. కిటికీ, జడ, ఎర్ర రిబ్బను.

“షబానా, నువ్వు తిరగొద్దులే. ఇన్నాళ్ళూ తిరుగు తిరుగు అని నిన్ను సతాయిచ్చినా. తప్పు నాదే పాపా. జరమొచ్చినప్పుడు పక్కన లేని తల్లి మొకం ఎవురు చూస్తారు? ఈ పొద్దు నుంచి నీ పక్కనే కూచున్నట్టు అనుకుంటా. నువ్వు చూసేదే నేనూ చూస్తా. కిటికీలో ఏం కనపడతాందో చెప్పు. ఒక్క మాట పలుకు, చాలు.”

పిల్ల భుజాలు అదిరాయి.

“పెట్టేయ్ మే ఫోను,” అన్నాడు బాషా కంగారుగా.

హుస్సేన్‌బీ పెట్టలేదు. ఆ చిన్న వీపునే చూస్తూ ఫోన్ ఇంకా దగ్గరికి తెచ్చుకుంది. రెండేళ్ళ తర్వాత ఆ పిల్ల వెక్కుతూ నోరు విప్పింది.

“పెద్దమ్మా,” అంది.