తొమ్మిదో కుర్చీ

సోషల్ వర్క్ డిగ్రీ విద్యార్థుల సంఘం సమావేశానికి ఆవిడ మళ్ళీ వచ్చింది.

చివరి బెంచీలో గోడవారగా కూర్చుని, చెంపకు చెయ్యి ఆనించుకుని, చెవులప్పగించి వింటోంది. యాభై ఏళ్ళుంటాయి.

"ఎవర్రా ఆవిడ?" అధ్యక్షురాలు పక్కనున్న కార్యదర్శిని గుసగుసగా అడిగింది. అధ్యక్షురాలిని అందరూ లీడరంటారు. కార్యదర్శి పేరు మైకు. వాడి గొంతు అలాంటిది మరి.

"ఎవరి అమ్మో అయ్యుంటుంది."

"అమ్మయితే పిల్ల పక్కన కూర్చోదూ?"

"అయితే హాస్టల్ వార్డెన్."

"వార్డెన్ మన మాట ఇంత ఓపిగ్గా వింటుందట్రా?"

ఇద్దరికీ నవ్వొచ్చింది. కానీ లీడరు చూపు మాటిమాటికీ అటే పోతోంది. ఆవిడ వచ్చినప్పుడల్లా అంతే. ఆవిడెవరో తెలిసేదాకా మనసు ఊరుకునేలా లేదు.

ఆ రోజు చర్చ డిపార్ట్‌మెంట్ కమిటీ గురించి. ఏ పాఠం ఉండాలో, ఫీల్డ్‌వర్క్‌కి ఎవరు ఏ పేటకు వెళ్ళాలో తేల్చేది ఆ కమిటీయే. తలుపులు మూసుకుని కూర్చునే ఆ కమిటీలో ఎవరెవరున్నారో కూడా విద్యార్థులకు తెలీదు.

"అడగందే అమ్మైనా పెట్టదు" అంది లీడరు గొంతు పెంచి. "రేపు వాళ్ళ ముందుకెళ్ళి అడుగుతాను. మన సంగతులు తేల్చే చోట మనకో కుర్చీ ఉండాలా, వద్దా?"

చప్పట్లు మోగాయి. ఆవిడా కొట్టింది, అందరికంటే గట్టిగా. తర్వాత మెల్లిగా చెయ్యెత్తింది.

"నాదో మాట తల్లీ. కుర్చీ దొరికిందనుకో, ముందు ఎవరి గురించి మాట్లాడతావు?"

"మా గురించే!" లీడరు కంటే ముందు మైకు అందుకున్నాడు.

వెంటనే లీడరు వైపు వంగి, వాడి లెక్కలో గుసగుసలాంటి గొంతుతో అన్నాడు. "డిపార్ట్‌మెంట్ హెడ్ మేడమ్ పంపిన మనిషే! కూపీ లాగుతోంది. రేపు నువ్వేం అడుగుతావో ఈ సాయంత్రానికే చేరేస్తుంది."

గదంతా వినబడింది. అందరి కళ్ళూ లీడరు మీదే.

'మీరెవరమ్మా?' అని అడుగుదామనే ఉంది. తీరా నోరు తెరిచేసరికి మరోటి వచ్చింది.

"అమ్మా, ఏమీ అనుకోకండి. ఇది విద్యార్థుల సమావేశం. బయటివాళ్ళు ఉండకూడదు."

ఆవిడ ముఖం చిన్నబుచ్చుకోలేదు. పైగా నవ్వింది.

"నిజమే తల్లీ. చెప్పి రావాల్సింది."

గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"రేపు కూడా గొంతు తగ్గించకు."

తలుపు మూసుకుంది. మైకు 'హమ్మయ్య' అన్నాడు. లీడరు అనలేకపోయింది.

మర్నాడు కమిటీ గదిలో బల్ల చుట్టూ తొమ్మిది కుర్చీలు. ఒకటి ఖాళీ. లీడరు గొంతు తగ్గించలేదు. అంతా విని ఓ పెద్దాయన కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"నీ మాట సబబేనమ్మా. కానీ నియమం ప్రకారం తొమ్మిదిమందిమే ఉండాలి. పదో కుర్చీ వెయ్యలేం."

బయట ఉండమన్నారు. లీడరు వరండాలో కాలుగాలిన పిల్లిలా తిరిగింది. కాసేపటికి డిపార్ట్‌మెంట్ హెడ్ మేడమ్ బయటికొచ్చింది.

"విద్యార్థులకు సీటు ఇచ్చాం. వచ్చే సమావేశం నుంచి నువ్వు మాతో కూర్చుంటావు."

మెట్ల దగ్గర కాచుకున్న మైకు కేక కాలేజీ దాటి వీధిలోకి వినబడింది. లీడరుకి మాత్రం సందేహం తీరలేదు.

"పదో కుర్చీ వెయ్యలేమన్నారు కదా, మేడమ్?"

"వెయ్యలేదు. ఒకావిడ ఊరొదిలి వెళ్ళిపోతూ, తన సీటు మీకివ్వమని పట్టుబట్టింది. మీలో ఆ కుర్చీకి తగినవాళ్ళున్నారో లేదో చూడ్డానికి మీ సమావేశాలకు కూడా వచ్చేది."



"చివరి బెంచీలో... ఆవిడా?"

"నిన్న నువ్వు బయటికి పంపావటగా. 'నన్ను పొమ్మనడానికి జంకలేదు, రేపు మీ ముందూ జంకదు. ఆ పిల్లకే ఇవ్వండి' అంది."

"ఇప్పుడెక్కడున్నారు మేడమ్? ఒక్కసారి కలిసి..."

"పొద్దున్నే బస్సెక్కేసింది."



"ఆవిడ ఏ సబ్జెక్టు చెప్పేవారు మేడమ్?"

"టీచరు కాదమ్మా" అంది మేడమ్, తెరిచిన తలుపులోంచి ఆ ఖాళీ కుర్చీని చూస్తూ. "భర్త తరిమేస్తే చంటిపిల్లతో శరణాలయంలో తలదాచుకుని బతికిన మనిషి. మనం ఎవరికోసం ఈ చదువు చదువుతున్నామో, వాళ్ళ తరఫున మా కమిటీలో మాట్లాడడానికి ఉన్నది ఆవిడొక్కతే."