పరాయి ఊరి నర్సు

నెబ్రాస్కాలోని ఆ చిన్న ఊరి ఆసుపత్రిలో నర్సు లోర్నా, అప్పుడే ప్రాణం పోయిన వెర్నన్ కళ్ళు మూసి దుప్పటి కప్పింది. చిన్నప్పుడు ఆమెను బడికి తీసుకెళ్ళిన బస్సు డ్రైవరు ఆయనే.

"ఈ నెలలో నాకు తెలిసినవాళ్ళు పోవడం ఇది నాలుగోసారి," అంది.

మూడు నెలలకో ఊరు మారే నర్సు రోండా, సెలైన్ గొట్టం తీస్తోంది. "నువ్వూ నాలా ఊళ్ళు తిరిగే నర్సువైపోరాదూ. దానికి అర్జీ నింపావుగా, పంపవేం?"

"వీళ్ళనెవరు చూస్తారు?"

"నాలాంటిదే ఇంకొకతె వస్తుంది."

"నీకు ఏడుపు రాదా?"

"పేరు తెలిస్తేగా ఏడవడానికి. ఇంతకీ ఈయన పేరేంటి?"

లోర్నా నిర్ఘాంతపోయింది. పదకొండు రోజులు ఆయనకు చెంచాతో సూపు తాగించింది రోండాయే.

కోపం రావలసింది. కానీ అసూయ కలిగింది.

వరండాలో ఉన్న వెర్నన్ భార్యకు కబురు చెప్పి, ఆవిడ ఏడుపు ఆగేదాకా పక్కనే కూర్చుని, లోర్నా ఆ మధ్యాహ్నమే అర్జీ పంపేసింది.