మూసిన నోరు

"బక్రీదు రోజు వీడేం తిన్నాడండి?" గుంటూరు ల్యాబ్ నుంచి వచ్చిన ఫోన్ పెట్టేస్తూ అడిగింది డాక్టర్ పుష్పలత.

మంచం మీద నాలుగేళ్ల ఇమ్రాన్ మత్తుగా పడి ఉన్నాడు. చేతికి సెలైన్ ఎక్కుతోంది.

"కడుపునిండా ఖీమా తిన్నాడండి," నాన్నమ్మ జమీలా గర్వంగానే చెప్పింది. "రోజూ చారన్నమే కావాలంటాడు. అంతా వాళ్లమ్మ పోలిక. పండగపూట కూడా అదేంటని నేనే తినిపించాను."

కోడలు తహసీన్ తల వంచుకుంది. మాంసం ముట్టదని ఎనిమిదేళ్లుగా అత్త దెప్పుతూనే ఉంది.

"రక్తంలో అమ్మోనియా బాగా పెరిగిందమ్మా. మాంసం, గుడ్లు, పప్పు తిన్నాక ఒంట్లో పుట్టే విషం అది. దాన్ని లివర్ యూరియాగా మార్చి మూత్రంలో పంపేయాలి. ఆ పని చేసే ఎంజైమ్ వీడికి పుట్టుకతోనే తక్కువున్నట్టుంది. ఇప్పుడా విషం మెదడు మీద పనిచేస్తోంది. అంబులెన్స్ వస్తోంది, గుంటూరు తీసుకెళ్లాలి."

డాక్టరు తహసీన్ వైపు తిరిగింది. "మాంసం నీకూ పడదా?"

"తింటే తలనొప్పి, వాంతులండి. మా తమ్ముళ్లిద్దరూ పుట్టిన వారంలోపే పోయారు."

"ఇది తల్లి నుంచి వస్తుంది, మగపిల్లల్లో ముదురుతుంది. నీ తప్పేం లేదమ్మా. పడదని వీడి ఒంటికే తెలుసు. వద్దని నోరు మూసుకున్నాడు కాబట్టే ఇన్నాళ్లూ నిలబడ్డాడు. మరి మొన్న అంత ఎలా తిన్నాడు?"

తహసీన్ పిల్లాడి కాళ్లు నిమిరింది. పండగరోజు జరిగింది కళ్లారా చూసినా అత్త మీద ఒక్క మాట చెప్పలేదు.

జమీలా తన కుడిచేతి వేళ్లకేసి చూసుకుంది.

"వాడు తినలేదు డాక్టరమ్మా. ముక్కు మూసి, ఊపిరి కోసం నోరు తెరిచినప్పుడల్లా నేనే కుక్కాను."