తొట్టిలో కలుపు

"చంద్రా, ఇట్లా రా! కొత్త పగడం పుట్టింది చూడు. ఊర్లోవాళ్లు దుడ్డిచ్చి కొంటారు, మనకు ఊరికే వచ్చింది!"

పొన్నురంగం ముక్కు గాజుకు ఆనించి నిలబడ్డాడు. నాలుగడుగుల తొట్టి. లోపల ఉప్పునీళ్లు, రాళ్లు, రంగురంగుల పగడాలు, రెండు చేపలు. సముద్రం కంటికి ఆనని రాజపాళయంలో, బ్యాండేజీ గుడ్డ అమ్ముకునే తాను, హాల్లోనే ఒక సముద్రాన్ని పెట్టుకున్నానని అతనికి మహా గొప్ప. ఇప్పుడొక రాయి మీద గోధుమరంగు పువ్వు, చిటికెనవేలి గోరంతది, సన్నని రేకులు ఆడిస్తోంది.

"బాగుండాది," అంది భార్య చంద్ర. "పగడమేనని మీకు బాగా తెలుసునా?"

"తెలియకనా? నాలుగేండ్లుగా ఏమి చేస్తా ఉండాను నేను?"

ఫోటో తీసి, తూత్తుకుడి నుంచి తనకు సముద్రపు నీళ్లు పంపే వేల్‌మురుగన్‌కు పెట్టాడు. రెండు నిమిషాల్లో ఫోన్ మోగింది.

"అన్నా, అది పగడం కాదు. ఐప్టేసియా అంటారు, పువ్వు మాదిరి ఉండే ప్రాణి. కలుపు. రాళ్లతో దొంగగా వచ్చేస్తాది. పక్కనుండే పగడాలను కుట్టి కుట్టి చంపేస్తాది."

"నాకు తెలుసులే వేలూ. నీకు తెలుసునా లేదా అని చూసినా," అన్నాడు పొన్నురంగం. ఫోన్ పెట్టేశాక చెవులు వేడెక్కాయి.

అసలు భయం వేరే ఉంది. మదురైలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైన శివసుబ్రహ్మణ్య సార్ వచ్చే నెల మొదటి ఆదివారం అతని తొట్టి చూడటానికి వస్తున్నారు. ఆ చుట్టుపక్కల ఉప్పునీటి తొట్టి పెట్టిన ప్రతివాడికీ ఆయన మాటే మాట. అంతటి మనిషి తనే ఫోన్ చేసి వస్తానన్నారు. ఆ సంగతి పొన్నురంగం బజారంతా చెప్పాడు, అడగనివాళ్లకు కూడా.

పట్టకారు తెచ్చి పువ్వును పెరికాడు. అది సగం తెగింది, సగం రాతి సందులోకి ముడుచుకుపోయింది. తెగిన ముక్కలు నీళ్లలో తేలుతూ తలా ఒక దిక్కు పోయాయి. "తీరిపోయింది పీడ," అని చేతులు తుడుచుకున్నాడు.

పన్నెండు రోజుల తర్వాత చంద్ర లెక్కపెట్టింది. నలభై ఏడు.

"పెరికినావా అన్నా? అయ్యయ్యో!" అన్నాడు ఫోన్‌లో వేల్‌మురుగన్. "ముక్కకొకటి మొలుస్తాది గదా! సున్నం చిక్కగా కలిపి సిరంజితో దాని నోట్లో పెట్టు. పెట్టేటప్పుడు నీళ్లు తిప్పే పంపు ఆపాల, మరిచిపోవద్దు."

పొన్నురంగం వీధి చివర ఆకూవక్కా అమ్మే కుప్పమ్మాళ్ పెట్టికడకు, ఆ చిన్న డబ్బా అంగడికి పోయాడు.

"అవ్వా, సున్నం ఒక డబ్బా ఇవ్వు."

"నువ్వు ఎప్పట్నించి ఆకూవక్కా వేస్తా ఉండావు?"

"నాకు కాదవ్వా. ఇంట్లో పువ్వులకు."

అవ్వ అతని ముఖంలోకి కాసేపు చూసి, సున్నంతోపాటు ఒక వక్క పొట్లం కూడా చేతిలో పెట్టింది.

వారంపాటు అంగడి ఆలస్యంగా తెరిచాడు. ఒక్కొక్క పువ్వుకూ గురిచూసి నోట్లో సున్నం పెట్టాడు. మూడో రోజు పంపు ఆపడం మరిచిపోయాడు. సున్నం పొగలా లేచి, పోయి పోయి నడిమి రాయి మీదున్న ఆకుపచ్చ పగడం మీద వాలింది. రూపాయి బిళ్లంత ముక్క తెచ్చి, నాలుగేళ్లు సాకి, అరచెయ్యంత చేసిన పగడమది. మరునాటికి ఎముకలా తెల్లబడిపోయింది.

"నలభై ఏడు చేరి చెయ్యలేని పని నేనొక్కడే చేసినా," అన్నాడు. "ముందు నా నోట్లో పెట్టాల ఆ సున్నం."

చంద్ర నవ్వబోయి, అతని కళ్లు చూసి మానుకుంది.

ఆదివారం ఉదయం ఆరింటికి ఆఖరి పువ్వు చచ్చింది. పదింటికి సార్ వచ్చారు, భుజాన సంచితో. వస్తూనే తొట్టి ముందు మోకాళ్ల మీద కూర్చుని టార్చి, భూతద్దం తీశారు. చేపలను చూడలేదు. పగడాలను చూడలేదు. రాతి సందులు, గాజు మూలలు, పంపు వెనకవైపు వెతికారు. వెతికేకొద్దీ ఆయన ముఖం చిన్నబోయింది. వెతకనీ, ఏమి దొరుకుతుంది అనుకుని పొన్నురంగం ఛాతీ విరుచుకున్నాడు.

"పొన్నురంగం, ఐప్టేసియా ఒక్కటి కూడా లేదా?"

"నా తొట్టిలోనా సార్? శుభ్రం తెలియనివాళ్ల ఇంట్లో గదా అది వచ్చేది!"

కాఫీ తెచ్చిన చంద్ర గుమ్మంలోనే ఆగిపోయింది. "ఏమండి, పెద్దాయన ముందర అబద్ధమెందుకు? నలభై ఏడు ఉండె సార్."

పొన్నురంగం తల వంచుకున్నాడు. అబద్ధం బయటపడ్డాక ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు.

"నిజమే సార్. మొదట అది పగడమని మురిసిపోయినా. పెరికి, ఒకటుండేదాన్ని నలభై ఏడు చేసినా. మీ ముందర పేరు పోతాదని సున్నం పెట్టి, దాంతో నా పగడాన్ని నేనే చంపుకున్నా. ఇంత తెలివైనోడు ఈ జిల్లాలో ఇంకొకడు ఉండడు."

సార్ నవ్వలేదు, కోప్పడలేదు. నేల మీదే చతికిలబడ్డారు.

"నలభై ఏడూ పోయినాయా?"

"అన్నీ సార్. ఆఖరిది ఈ పొద్దునే."

ఆయన సంచిలోంచి ఒక సీసా తీసి పైకెత్తారు. లోపల గాజుకు కరుచుకుని, గుల్లలేని చిన్న నత్తలు మూడు, అన్నం మెతుకుల్లా తెల్లగా ఉన్నాయి.

"ఇవి ఐప్టేసియా తప్ప ఇంకేమీ తినవు తంబీ. ఏడూళ్లు తిరిగినా, అందరూ మా తొట్టి శుభ్రమన్నారు. నీ దగ్గరన్నా వీటికి ఒక పూట తిండి దొరుకుతాదని వచ్చినా."